కాబూలు కాపలాదారుల జీతం బాకీ: సాంఘికశాస్త్ర పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సాంఘికశాస్త్ర పాఠ్యపుస్తకాలు రాసే, సరిచూసే, ఆమోదముద్ర వేసే పెద్దలందరికీ నమస్కారాలు.

ముప్పై ఏళ్లకు పైగా ఉన్నత పాఠశాలల్లో సాంఘికం చెప్పి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నవాణ్ణి. ఈమధ్య అటక దులుపుతుంటే పాత యూనిట్ పరీక్షల కాగితాల కట్ట ఒకటి బయటపడింది. ఎందుకు దాచానో గుర్తు లేదు. పై కాగితం మీద ఒక అమ్మాయి గుండ్రటి అక్షరాలతో రాసిన జవాబు ఇది: "క్రీ.శ. 1739లో పర్షియా చక్రవర్తి నాదిర్ షా మన దేశముపై దండెత్తి, మొఘల్ చక్రవర్తి మహమ్మద్ షాను ఓడించి, నెమలి సింహాసనమును, కోహినూరు వజ్రమును దోచుకొనిపోయెను." పక్కన నా ఎర్ర సిరా: రెండుకు రెండు.

జవాబులో తప్పేమీ లేదు. నన్ను ఇబ్బంది పెట్టింది కూడా అదే. ఆ వాక్యం ఆ అమ్మాయిది కాదు, నేను నల్లబల్ల మీద రాసి ఎక్కించుకోమన్నది. నా చిన్నప్పుడు మా మాస్టారు నాకూ దాదాపు అదే రాయించారు. ఇప్పుడు మా మనవడు ఫోనులో చూసే రెండు నిమిషాల చరిత్ర వీడియోల్లోనూ అదే ఉంది, కాకపోతే వెనకాల డప్పుల మోత అదనం. తరాలు మారినా ఆ వాక్యంలో ఉండేది ఇద్దరు రాజులు, ఒక సింహాసనం, ఒక వజ్రం. ఇంకెవరూ ఉండరు.

పుస్తకాలు మార్చినప్పుడల్లా మీరు ఉపాధ్యాయుల సలహాలు అడుగుతారు. నాది ఒక్కటే సలహా. కోహినూరును కాసేపు పక్కన పెట్టి, కాబూలు కోట కాపలాదారుల జీతం దగ్గర ఈ పాఠం మొదలుపెట్టండి.

1738 మార్చిలో నాదిర్ షా సుదీర్ఘ ముట్టడి తర్వాత కాందహారును పట్టుకున్నాడు. అక్కడి నుంచి తప్పించుకున్న ఆఫ్ఘన్లు సరిహద్దు దాటి ఘజనీ, కాబూలు వైపు, అంటే మొఘల్ ఏలుబడిలోకి చేరుతున్నారు. వాళ్లను రానివ్వవద్దని నాదిర్ అంతకు ముందు నుంచే ఢిల్లీకి ఒకరి తర్వాత ఒకరుగా దూతలను పంపుతూ వచ్చాడు. అలాగేనని మాట ఇచ్చారు గానీ చేసింది శూన్యం. చివరగా వచ్చిన దూతకు జవాబూ ఇవ్వలేదు, తిరిగి వెళ్లడానికి సెలవూ ఇవ్వలేదు. ఢిల్లీలో ఊరికే కూర్చోబెట్టారు. దండయాత్రకు నాదిర్ చూపిన సాకు ఇదే. సాకు అనే అంటాను. ఎందుకంటే ఒట్టోమాన్లతోనూ ఆఫ్ఘన్లతోనూ ఏళ్ల తరబడి సాగించిన యుద్ధాలు అతని ఖజానాను ఊడ్చేశాయి, ఇంకా చేయవలసిన యుద్ధాలు మిగిలే ఉన్నాయి. డబ్బున్న ఇల్లు ఎక్కడుందో అతనికి తెలుసు. అయితే ఆ ఇంటివాళ్లు తలుపు గడియ వేసుకోకపోగా, పిలిచి మరీ సాకు చేతిలో పెట్టారు.

కాబూలు సుబేదారు, అంటే ఆ రాష్ట్రానికి మొఘల్ పాలకుడు, నాసిర్ ఖాన్. అతని సిపాయిల జీతాలు ఏళ్ల తరబడి బాకీ పడ్డాయి. కనీసం ఒక్క ఏడాది జీతమైనా పంపండి, వీళ్లను నిలబెట్టుకుంటాను అని ఢిల్లీకి మొరపెట్టుకున్నాడు. దర్బారులో ఆ మొరను ఆలకించినవాడు లేడు, వేళాకోళం చేసినవాళ్లు మాత్రం ఉన్నారు. అయ్యా, ఒకటో తారీఖు దాటి పది రోజులు జీతం పడకపోతే ఉపాధ్యాయుల గది ఎలా ఉంటుందో మీరూ నేనూ ఎరుగుదుం. హిందూకుష్ చలిలో, తుప్పు పట్టిన తుపాకీతో, ఏళ్లుగా చేతికి రూపాయి రాని మనిషి బురుజు మీద నిలబడి ఏం చూస్తుంటాడో పిల్లలను ఊహించమనండి. నాదిర్ జూన్‌లో కాబూలు తీసుకున్నాడు. నవంబరులో ఖైబర్ కనుమను నాసిర్ ఖాన్ కాస్తూ కూర్చుంటే, నాదిర్ పక్కనున్న కొండదారిన రాత్రికి రాత్రి సైన్యాన్ని నడిపించి వెనక నుంచి మీద పడ్డాడు. 1739 జనవరిలో లాహోరు సుబేదారు జకారియా ఖాన్ 20 లక్షలు చెల్లించి ఊరిని కాపాడుకున్నాడు. చక్రవర్తి సైన్యం ఢిల్లీ నుంచి కదిలి కర్నాలు దాకా వెళ్లి ఆగింది. కాబూలు పడిపోయి అప్పటికి ఎనిమిది నెలలు. కర్నాలు ఢిల్లీకి నూట పాతిక కిలోమీటర్ల లోపే.

"ఢిల్లీ ఇంకా దూరమే" అని మహమ్మద్ షా అన్నాడని ఒక కథ ఉంది. అన్నాడో లేదో గానీ, ఆ పాపమంతా అతని ఒక్కడి నెత్తిన రుద్దడం మన పుస్తకాలకు అలవాటైపోయింది. "విలాసాలలో మునిగి తేలుచుండెను" అని రాస్తే పిల్లలు నవ్వుకుంటారు, పాఠం ముందుకు సాగుతుంది. అతనికి సంగీతం ఇష్టమే. ఇవాళ మనం వినే ఖయాల్ సంగీతాన్ని తీర్చిదిద్దిన సదారంగ్ అతని దర్బారువాడే. కానీ అతను పదిహేడేళ్లకు గద్దె ఎక్కిన 1719వ సంవత్సరం ఎలాంటిదో కూడా రాయాలి కదా. ఆ ఒక్క ఏడాదిలో ఢిల్లీ గద్దె మీద నలుగురు కూర్చున్నారు. ఒకరిని సొంత మంత్రులే దించి చంపించారు. ఇద్దరు కొన్ని నెలలకే జబ్బుతో పోయారు. నాలుగోవాడు ఇతను. పాట వినకుండా ఉన్నంత మాత్రాన కాబూలుకు జీతాలు వెళ్లేవని నాకు నమ్మకం లేదు.

ఇక కర్నాలు. పాఠంలో దీన్ని "యుద్ధములో ఓడించి" అని రెండు మాటల్లో దాటేస్తాం. ఈ పాఠం మొత్తంలో విద్యార్థికి చూపించి తీరవలసిన మధ్యాహ్నం అది. 1739 ఫిబ్రవరి 24. అవధ్ సుబేదారు సాదత్ ఖాన్ కాలి పుండుతో, అలసిన సైన్యంతో అంతకు ముందు రాత్రే చేరుకున్నాడు. అతని సామాన్ల బళ్లు ఇంకా వెనక దారిలో ఉన్నాయి. వాటి మీద ఇరానీ దళాలు పడ్డాయని కబురు రాగానే కత్తి పట్టుకుని లేచాడు. ఈ రోజుకు ఆగుదాం, సిపాయిలు సిద్ధంగా లేరు అన్నా వినలేదు. అతని వెనక సైన్యాధికారి ఖాన్ దౌరాన్ బయలుదేరాడు. మిగతా సైన్యం శిబిరం వేసుకున్న కాలువ దగ్గరే ఉండిపోయింది. అవతల నాదిర్ ఒంటెల వీపుల మీద తిరుగు ఫిరంగులు బిగించాడు. జంబూరక్కులంటారు వాటిని. వాటికి తోడు బరువైన తుపాకులు పట్టిన కాలిబలం. ఇవతల సర్దార్లు ఏనుగుల అంబారీల మీద, దూరం నుంచి గురిపెట్టడానికి వీలుగా కూర్చున్నారు. మూడు గంటల్లో అయిపోయింది. ఖాన్ దౌరాన్‌కు తగిలిన గాయాలు అతన్ని బతకనివ్వలేదు. సాదత్ ఖాన్ బందీగా చిక్కాడు. గమనించండి, చక్రవర్తి సైన్యంలో పెద్ద భాగం ఆ రోజు యుద్ధమే చేయలేదు.

ఆ ఉండిపోయినవాళ్లలో నిజాం ఉల్ ముల్క్ ఉన్నాడు. మన నిజాం. 1724లో షకర్ ఖేడా దగ్గర ముబారిజ్ ఖాన్‌ను ఓడించి హైదరాబాదు రాజ్యానికి పునాది వేసిన మొదటి అసఫ్ జా. పుస్తకంలో ఆయన ఒక పాఠంలో ఉంటాడు, నాదిర్ షా ఇంకో పాఠంలో ఉంటాడు. ఒకే పుస్తకం రెండు అట్టల మధ్య ఉంటూ ఈ ఇద్దరూ ఒకరినొకరు ఎరగనట్లే ఉంటారు. నిజానికి కర్నాలు గుడారాల్లో ఈ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని బేరమాడారు. తెలుగు పిల్లలకు ఈ దండయాత్రతో ఉన్న అసలు సంబంధాల్లో ఇది మొదటిది, మనం దాన్నే వదిలేశాం.

అరవై ఏడేళ్ల ఆ ముసలాయన కుదిర్చిన బేరం చూడండి. మొత్తం 50 లక్షలు. అందులో 20 లక్షలు వెంటనే, తర్వాత లాహోరులో 10, అటక్‌లో 10, కాబూలులో 10. అంటే నాదిర్ వెనక్కి నడుస్తున్నకొద్దీ వాయిదాలు అందుతాయి. శత్రువును ఇంటిదారి పట్టించడానికి వాయిదాల పద్ధతి వాడుకున్న తెలివి అది. లెక్కల మాస్టారు కూడా మెచ్చుకునే పని. నాదిర్ ఒప్పుకున్నాడు. అక్కడితో ఆగి ఉంటే ఢిల్లీ వీధుల్లో ఆ మార్చి నెల మామూలుగానే గడిచేది.

ఎందుకు ఆగలేదంటే, ఒక కుర్చీ ఖాళీ అయింది. ఖాన్ దౌరాన్ చనిపోవడంతో మీర్ బక్షీ పదవి, అంటే సైన్యం జీతాలూ నియామకాలూ చూసే పదవి, ఎవరికి అన్న ప్రశ్న వచ్చింది. బేరం కుదిర్చినందుకు అది నిజాంకు దక్కింది. ఆ పదవి తనకే వస్తుందని ఆశపడ్డ సాదత్ ఖాన్ శత్రువు గుడారంలో బందీగా కూర్చుని ఈ వార్త విన్నాడు. విని నాదిర్‌తో అన్నాడు: 50 లక్షలు ఏపాటి? ఢిల్లీ దాకా వస్తే 20 కోట్లు దొరుకుతాయి. ఇంటి గుట్టు లంకకు చేటు అని మనవాళ్లు ఊరికే అనలేదు. నాదిర్ నిజాంను మళ్లీ పిలిపించి నిలిపేశాడు, ఆ తర్వాత చక్రవర్తిని. మార్చి 20న ఢిల్లీ కోటలోకి విజేతగా వచ్చాడు. సాదత్ ఖాన్ ఆ వేళకే చచ్చిపోయాడు. పుండు ముదిరి పోయాడని కొందరు, విషం తాగాడని కొందరు.

నిజాం విషయంలో మీరు మొహమాటపడవద్దని నా మనవి. కర్నాలులో ఆయన కదలకపోవడం వెనక, పడనివాడు ఖాన్ దౌరాన్ చస్తే చావనీ అన్న ఆలోచన ఉందని ఆనాడే నింద పడింది. సిద్ధం కాని సైన్యాన్ని బలిపెట్టడం ఇష్టం లేకనే ఆగాడనేవాళ్లూ ఉన్నారు. నాకు రెండోది కొంతవరకు సబబుగా తోస్తుంది, మొదటిదాన్ని కొట్టిపారేయలేను. పదో తరగతి పిల్లలకు ఈ రెండు వాదాలూ ఇచ్చి కొట్లాడుకోమంటే ఒక పీరియడ్ ఇట్టే గడిచిపోతుంది. హైదరాబాదు గొప్ప చెప్పేవాళ్లు ఆయన్ను దార్శనికుడంటారు, పడనివాళ్లు ద్రోహి అంటారు. ఆయన కర్నాలులో ఒక మంచి బేరం చేశాడు, అదే చేత్తో ఒక పదవి పుచ్చుకున్నాడు. ఆ పుచ్చుకోవడం ఎంత ఖరీదు పడిందో వారాల్లోనే తేలింది.

ఢిల్లీలో జరిగింది రాయడానికి మీ పుస్తకంలో స్థలం చాలదంటారు. అయితే ఒక్క బజారు గురించి రాయండి చాలు. పహాడ్‌గంజ్‌లో ధాన్యం కొట్లు. నాదిర్ మనుషులు వెళ్లి కొట్లు తెరిపించి, తాము చెప్పిన ధరకే అమ్మాలన్నారు. వర్తకులకు గిట్టలేదు. మాటా మాటా పెరిగింది. ఈలోగా కోటలో నాదిర్‌ను చంపేశారని వదంతి లేచింది. బక్రీదు నాటి సాయంత్రం అది. రాత్రంతా ఢిల్లీ జనం ఒంటరిగా దొరికిన ఇరానీ సిపాయిలను చంపారు. మొఘల్ సర్దార్లు ఎవరూ వాళ్లను ఆపడానికి రాలేదు, నడిపించడానికీ రాలేదు. ఏళ్లుగా ప్రభుత్వం లేని ఊరు ఆ రాత్రి కూడా ప్రభుత్వం లేకుండానే తిరగబడింది.

మార్చి 22 ఉదయం నాదిర్ గుర్రం మీద చాందనీ చౌక్‌కు వచ్చాడు. ఒకసారి పిల్లలను విహారయాత్రకు ఢిల్లీ తీసుకెళ్లినప్పుడు ఆ చోటును వెతుక్కుంటూ వెళ్లాను. సీస్‌గంజ్ గురుద్వారాకు ఆనుకున్నట్లే ఉంటుంది సునెహ్రీ మసీదు. చిన్నది. కింద దుకాణాలు, పైన మసీదు. ఎదురుగా రిక్షాలు, వేడి జిలేబీ వాసన, మిఠాయి కొనమని పిల్లల గొడవ. ఇక్కడ నిలబడే నాదిర్ కత్తి దూశాడు అని చెబితే, ఒక అబ్బాయి మెట్ల వైపు చూసి "ఇంత ఇరుకులోనా సార్?" అన్నాడు. ఇంత ఇరుకులోనే. ఎవరో పై నుంచి తుపాకీ పేల్చితే పక్కనున్న అధికారి కూలాడు. నాదిర్ కత్తి దూసి సైగ చేశాడు. ఉదయం తొమ్మిదింటి ప్రాంతంలో మొదలైన ఊచకోత మధ్యాహ్నం రెండు దాకా సాగింది. చచ్చినవాళ్లు 20 వేల నుంచి 30 వేలని చాలామంది అంచనా, అంతకు మించి చెప్పినవాళ్లూ ఉన్నారు. ఇక ఆపమని వేడుకోవడానికి వెళ్లినవాళ్లలో నిజాం ఉన్నాడని, చంపడానికి ఇంకెవరూ మిగల్లేదు, కావాలంటే చచ్చినవాళ్లను బతికించి మళ్లీ చంపుకో అన్న అర్థం వచ్చే పారసీ పద్యం చదివాడని చెప్పుకుంటారు. పద్యం సంగతి అలా ఉంచండి. వజీరు దగ్గర వకీలుగా, అంటే దర్బారులో ఆయన ప్రతినిధిగా ఉన్న ఆనంద్‌రామ్ ముఖ్లిస్ ఆ రోజుల్లో ఢిల్లీలోనే ఉన్నాడు. తోట దారుల్లో రాలిన పూలూ ఎండుటాకుల్లా వీధుల్లో శవాలు చాలా రోజులు పడి ఉన్నాయని రాసిపెట్టాడు. పోగుచేసి తగలబెట్టేటప్పుడు హిందువెవరో ముస్లిమెవరో చూడలేదు.

చివరి మాట కాస్త నొక్కి రాయండి. ఈ కథను మతం కళ్లద్దాలతో చూపించేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. చంపించినవాడు ముస్లిం, ఓడిపోయిన చక్రవర్తి ముస్లిం, ఢిల్లీకి దారి చూపిన సాదత్ ఖాన్ ఖొరాసాన్‌లోని నిషాపూరు నుంచి వచ్చి స్థిరపడినవాడు, బేరమాడిన నిజాం పూర్వీకులు మధ్య ఆసియావాళ్లు. ఇక చచ్చినవాళ్లు ఎవరంటే, ఆ పూట ఆ వీధుల్లో ఉన్నవాళ్లు.

ఆ తర్వాత వసూళ్లు. ఊరిని అయిదు భాగాలు చేసి, ఇంటింటికీ జాబితాలు రాసి, ఎవరు ఎంత కట్టాలో నిర్ణయించారు. వసూలు బాధ్యత ఎవరికి అప్పజెప్పారో తెలుసా? మొఘల్ సర్దార్లకే. అందులో నిజాం ఉన్నాడు, వజీరు ఖమరుద్దీన్ ఖాన్ ఉన్నాడు. కాబూలుకు ఒక్క ఏడాది జీతం పంపలేని యంత్రాంగం, శత్రువు కోసం మాత్రం గుమ్మం గుమ్మానికీ తిరిగి కోట్లు రాబట్టింది. కంచే చేను మేయడమంటే ఇదే. కట్టలేనివాళ్లను హింసించారు, పరువుకు భయపడి ప్రాణం తీసుకున్నవాళ్లున్నారు. దోపిడీ మొత్తం 70 కోట్లన్న అంచనా ఎక్కువగా చలామణిలో ఉంది. అందరూ ఒకే అంకె చెప్పలేదు. పెద్ద అంకె కంటే అయిదు జాబితాల సంగతే పిల్లలకు బాగా అర్థమవుతుందని నా అనుభవం.

57 రోజులు ఉండి, మహమ్మద్ షా తలపై కిరీటం మళ్లీ తన చేతులతోనే పెట్టి, సింధు నదికి పడమటి రాజ్యం రాయించుకుని నాదిర్ వెళ్లిపోయాడు. చీనాబ్ నది దాటేటప్పుడు తన సిపాయిలనే సోదా చేయించాడు. దోచిన నగలు దాచుకున్నవాళ్లు అప్పగించాలి. కొందరు కోపంతో నదిలోకి విసిరేశారు. నా ఇష్టం వచ్చినట్లు పాఠం రాయనిస్తే బొమ్మగా నెమలి సింహాసనం బదులు ఈ రేవును వేయిస్తాను.

ఇరాన్ వైపు కూడా ఒక పేరా ఇవ్వండి. "పర్షియా దోపిడీదారు" అని చదువుకున్న పిల్లకు, అంతకు 17 ఏళ్ల ముందు 1722లో ఇస్ఫహాన్‌కు ఇదే గతి పట్టిందని తెలియదు. నెలల తరబడి ముట్టడిలో జనం ఆకలికి మాడి చచ్చారు. చివరికి సఫవీ రాజు సుల్తాన్ హుస్సేన్ తానే కిరీటం తీసి ఆఫ్ఘన్ మహమూద్‌కు అప్పగించాడు. ఆ శిథిలాల్లోంచి లేచిన గొర్రెల కాపరి తెగ బిడ్డ నాదిర్. ఆఫ్ఘన్లను తరిమాడు, 1736లో షా అయ్యాడు. ఢిల్లీ డబ్బుతో ఇరాన్‌లో మూడేళ్లు పన్నులు మాఫీ అని చాటించాడు. ఆ ముచ్చట ఎన్నాళ్లో నిలవలేదు. నగలు ఇరాన్‌లోని తన కలాత్ కోటలో తాళాల వెనక ఉండగా, కొత్త యుద్ధాల కోసం పన్నుల వసూలుదార్లు ఇరానీ రైతుల ఇళ్లు తిరిగారు. అనుమానం ముదిరి కన్నకొడుకు రెజా కులీ కళ్లు పీకించాడు. 1747లో సొంత అధికారులే గుడారంలో చంపారు. కాబూలులో జీతం ఎగ్గొట్టిన ఖజానాదీ, కలాత్‌లో నగల మీద కూర్చున్న ఖజానాదీ ఒకే జబ్బు.

ఇప్పుడు వజ్రం. పూర్తిగా తీసేయమనను, పిల్లలు ఊరుకోరు. కానీ తలపాగాలు మార్చుకుని నాదిర్ దాన్ని కాజేశాడన్న కథ తీసేయండి. నాదిర్ చరిత్ర రాసిన మర్వీ మాటల్లో అది నెమలి సింహాసనానికే పొదిగి ఉంది. ఆ సింహాసనం కూడా మిగల్లేదు. టెహ్రానులో ఇప్పుడు ఆ పేరుతో చూపేది తర్వాతి కాలంలో చేయించినది. కోహినూరు పుట్టింది పల్నాటి కొల్లూరు గనిలో అని మనం చెప్పుకుంటాం, గట్టి రుజువు లేదు. అయినా కొల్లూరు గురించి రాయండి. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే అక్కడ 60 వేల మంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్లు నీరు తగిలేదాకా తవ్వుతారు. ఆడవాళ్లూ పిల్లలూ ఆ మట్టిని మోసుకొచ్చి, చుట్టూ చిన్న గోడ కట్టిన మడిలో పోసి నానబెడతారు. ఆరాక చేటల్లో వేసి వడ్లు చెరిగినట్లు చెరుగుతారు. గడ్డలు చితక్కొట్టి మళ్లీ చెరిగి, అప్పుడు కళ్లతో వెతుకుతారు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. మా తరగతిలో ఇది చెప్పినప్పుడు ఒక పిల్ల వెంటనే అడిగింది: "చెరిగినవాళ్లకు కూలి ఎంత సార్?" నాదిర్ షా పాఠం మొత్తంలో నన్ను అడిగిన ఒకే ఒక్క మంచి ప్రశ్న అది. చాలా తక్కువమ్మా అని చెప్పి, గంట కొట్టడంతో బయటపడ్డాను.

మన ప్రాంతంతో రెండో సంబంధం ఇక్కడే ఉంది, అదీ జీతాల సంబంధమే. నిజాం దక్కనుకు తిరిగొచ్చి 1748లో కన్నుమూశాడు. అదే ఏడాది మహమ్మద్ షా కూడా పోయాడు. వారసుల కొట్లాటలో నిజాం కొడుకు సలాబత్ జంగ్ ఫ్రెంచి బుస్సీ సైన్యం అండతో గద్దె నిలుపుకున్నాడు. ఆ సైన్యానికి జీతాలు ఇవ్వడానికి డబ్బు లేదు. 1753లో చికాకోలు, రాజమండ్రి, ఏలూరు, ముస్తఫానగర్ సర్కారులు బుస్సీకి రాసిచ్చాడు. అంటే శ్రీకాకుళం నుంచి కొండపల్లి దాకా ఉన్న తెలుగు రైతుల శిస్తు పరాయి సిపాయిల జీతమైంది. 1757లో బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోట ముందు నిలబడ్డాయంటే దాని వెనక ఈ కాగితం ఉంది. తర్వాత 1765లో ఢిల్లీ చక్రవర్తి షా ఆలం అవే సర్కారులను ఇంగ్లీషు కంపెనీకి ఫర్మానా మీద ఇచ్చేశాడు. ఆయన చేతిలో అప్పటికి ఇవ్వడానికి సంతకం తప్ప పెద్దగా ఏమీ లేదు. బొబ్బిలి ఒక పాఠం, నాదిర్ షా ఒక పాఠం, కంపెనీ పాలన ఒక పాఠం. మధ్యలో ఒక్క వాక్యం కలిపితే పిల్లలకు మూడూ అతుక్కుంటాయి.

నాదిర్ వెళ్లిపోయాక ఢిల్లీలో ఒక పారసీ మాట నానుడిగా మిగిలింది: మా చేతల ఫలమే నాదిర్ రూపం దాల్చింది అని. దెబ్బ తిన్నవాళ్లు తమ మీద తామే వేసుకున్న నింద అది. నేను పూర్తిగా ఒప్పుకోను. పహాడ్‌గంజ్ కొట్లో తూకం వేసే గుమాస్తా చేసిన పాపమేమిటి? చేతలు దర్బారువి, ఫలం గుమాస్తాది. మీరు పాఠం చివర ఆ నానుడి వేస్తే, కింద ఈ ప్రశ్న కూడా వేయండి.

కాబూలుకు జీతాలు పంపి ఉంటే నాదిర్ వచ్చేవాడు కాదా అని మీరు అడగవచ్చు. వచ్చేవాడేమో. అంతటి సేనాని ఆ కాలంలో ఆసియాలో ఇంకొకడు లేడు. కానీ కాబూలులోనే కొన్ని నెలలు నిలబెట్టి ఉంటే, ఖైబర్ మంచులో ఇంకొన్ని వారాలు ఆపి ఉంటే, 50 లక్షల బేరం కర్నాలులో కాక అటక్‌లోనే కుదిరేదేమో. కచ్చితమైన జవాబు నా దగ్గర లేదు. అందుకే అది పరీక్షలో అడగదగ్గ ప్రశ్న.

కాబట్టి కొత్త పుస్తకంలో పాఠం చివర ఈ ప్రశ్న చేర్చమని మనవి: "కాబూలు సిపాయిలకు జీతాలు సకాలంలో అంది ఉంటే ఏమి జరిగి ఉండేది? మీ మాటల్లో రాయండి. నాలుగు మార్కులు." మూల్యాంకనానికి మనుషులు చాలకపోతే కబురు చేయండి. ఎర్ర సిరా కలం ఇంకా పనిచేస్తోంది. ఆ రెండుకు రెండు వేసిన కాగితాన్ని కూడా వెంట తెచ్చుకుంటాను.

ఇట్లు,
విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు